టర్బో ఒత్తిడిని తట్టుకునేలా కార్బురేటర్‌ను మార్చి సీల్ చేయడం ఎలా

టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ కార్బురేటర్‌కు ముందు కూర్చుని, ఒత్తిన గాలిని దాని గుండా ఇంజిన్‌లోకి తోసే అమరికను బ్లో-త్రూ అంటారు. సూపర్‌చార్జర్‌తో వచ్చిన 1957 ఫోర్డ్ థండర్‌బర్డ్, 1963 స్టూడ్‌బేకర్ అవాంటీ ఆర్2, 1980లో వచ్చిన లోటస్ ఎస్ప్రీ టర్బో ఈ పద్ధతిలోనే నడిచాయి. వాటి కార్బురేటర్లు ఫ్యాక్టరీలోనే ఈ పనికి సిద్ధమై వచ్చాయి. మామూలు కార్బురేటర్‌ను మీరే సిద్ధం చేసుకోవాలంటే ఏమేం మార్చాలో, ఎందుకు మార్చాలో కింద ఉంది. ఉదాహరణకు తీసుకున్నది హోలీ 4150 తరహా, మెకానికల్ సెకండరీలున్న (వెనక రెండు బ్యారెళ్లు లింకేజీతో తెరుచుకునే) నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్. లక్ష్యం సుమారు 0.7 బార్ బూస్ట్ (బయటి గాలి కంటే అదనంగా ఉండే ఒత్తిడి), అంటే 10 పీఎస్ఐ.

ముందు ఒత్తిడి లెక్క తెలియాలి

మామూలు ఇంజిన్‌లో ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) మీద బయటి గాలి ఒత్తిడి ఉంటుంది, వెంచురీలో (గాలి దారి ఇరుకైన గొంతులో) అంతకంటే కొంచెం తక్కువ ఉంటుంది. ఆ తేడాయే పెట్రోల్‌ను జెట్ (పెట్రోల్ కొలిచి వదిలే రంధ్రం) గుండా పైకి లాగుతుంది. ఇప్పుడు గొంతులోకి 0.7 బార్ పంపి, బౌల్‌ను బయటి గాలికే వదిలేస్తే పెట్రోల్ వెనక్కి బౌల్‌లోకి నెట్టుకుపోతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. అందుకే బౌల్‌కూ అదే బూస్ట్ అందాలి. అది అందిన మరుక్షణం, అంతవరకూ బయటి గాలిని ఆధారం చేసుకుని పనిచేసిన ప్రతి భాగం లెక్క తప్పుతుంది: ఫ్యూయల్ పంపు, ఫ్లోట్, యాక్సిలరేటర్ పంపు (తొక్కగానే అదనపు పెట్రోల్ చిమ్మేది) డయాఫ్రం, పవర్ వాల్వ్ (భారం పెరిగినప్పుడు అదనపు పెట్రోల్ ఇచ్చేది). కన్నాలు మూయడం ఈ పనిలో సగమే. మిగతా సగం, ఏ భాగానికి ఏ ఒత్తిడి అందాలో అది అందేలా చూడటం. చాలా బిల్డ్‌లు చెడేది ఈ రెండో సగంలోనే.

ఇంకో సంగతి. ఇది నిప్పుతో ముడిపడిన పని. థ్రాటిల్ ప్లేట్లను తిప్పే షాఫ్ట్ చివర నుంచి చిమ్మే పెట్రోల్ ఆవిరికి అడుగు దూరంలో ఎర్రగా కాలే టర్బో ఉంటుంది. పని మొదలుపెట్టేటప్పుడే మంటలార్పే సిలిండర్ దగ్గర పెట్టుకోండి.

1. విప్పడం, కొలవడం

కార్బురేటర్‌ను పూర్తిగా విప్పి శుభ్రం చేయండి. థ్రాటిల్ ప్లేట్లు ఒక్కొక్కటీ ఏ బోర్‌లో, ఏ ముఖం పైకి ఉన్నాయో విప్పకముందే గీత పెట్టుకోండి. వాటి అంచులు ఒక కోణంలో కోసి ఉంటాయి, తారుమారైతే మూసుకోవు. ప్లేట్ స్క్రూల చివర్లు వెనక నుంచి నలగ్గొట్టి ఉంటాయి. ఆ నలిగిన భాగాన్ని ఆకురాయితో సాపు చేశాకే తిప్పాలి, లేదంటే షాఫ్ట్‌లోని మరలు పాడవుతాయి. పాత స్క్రూలు మళ్లీ వాడకండి.

తర్వాత షాఫ్ట్‌ను బేస్ ప్లేట్‌లో ఉంచి అటూ ఇటూ కదిపి చూడండి. డయల్ గేజ్‌తో కొలిస్తే ఆట 0.08 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ముందు బుష్‌లు వేయించాలి. ఆట ఉన్న షాఫ్ట్‌కు ఎంత మంచి సీల్ వేసినా కొన్ని రోజుల్లోనే అండాకారంగా అరిగిపోతుంది.

2. చోక్ తీసేయడం

హ్యాట్ (టర్బో గాలిని కార్బురేటర్ నోట్లోకి తెచ్చే మూత) లోపల చోక్ ప్లేటు, దాని షాఫ్ట్, పైకి లేచిన చోక్ గోడ మూడూ గాలికి అడ్డమే. ప్లేటు, షాఫ్ట్ తీసేసి, గోడను మిల్లింగ్ మెషిన్ మీద ఎయిర్ క్లీనర్ అంచు మట్టానికి కోయించండి. కోసిన అంచును 3 నుంచి 4 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా సాన పట్టండి. గోడ కోశాక మిగిలిన షాఫ్ట్ రంధ్రాలకు, చోక్ రాడ్ కిందికి దిగే సందుకు మర కోసి అల్యూమినియం ప్లగ్గులు బిగించండి. ఉత్త ఎపాక్సీ నింపి వదిలేస్తే వేడికి, వైబ్రేషన్‌కు ఊడి నేరుగా వెంచురీలో పడుతుంది.

కోసేటప్పుడు బౌల్ వెంట్ గొట్టాల జోలికి పోకండి. బౌల్‌కు బూస్ట్ అందించేవి అవే. రెండింటి ఎత్తూ సమానంగా ఉండాలి, మూతులు హ్యాట్ లోపలే ఉండాలి, గాలి దూసుకొచ్చే దిక్కుకు ఎదురుగా ఉండకూడదు. ఎదురుగా ఉంటే గాలి తాకిడి ఒత్తిడి కూడా బౌల్‌కు చేరి మిశ్రమం చిక్కబడుతుంది. ఒక గొట్టం ఎదురుగా, మరొకటి చాటున ఉంటే ముందు బౌల్ ఒక రకంగా, వెనక బౌల్ మరో రకంగా ప్రవర్తిస్తాయి. అప్పుడు జెట్లు ఎన్నిసార్లు మార్చినా ట్యూన్ కుదరదు.

3. థ్రాటిల్ షాఫ్ట్ సీల్

మొత్తం పనిలో చేయి తిరిగినతనం కావాల్సింది ఇక్కడే. బేస్ ప్లేట్‌లో ప్రైమరీ, సెకండరీ షాఫ్ట్‌లకు మొత్తం నాలుగు చివర్లు. ప్రతి చివరా బూస్ట్‌లో మిశ్రమం బయటికి కక్కే దారే.

షాఫ్ట్ బయటికి వచ్చే చోట, షాఫ్ట్ రంధ్రంతో సరిగ్గా ఒకే కేంద్రం ఉండేలా 4 మిల్లీమీటర్ల లోతు గుంట కోయించండి. చేతి డ్రిల్లుతో ఈ పని కుదరదు. షాఫ్ట్ మందంగల గైడ్ పిన్ ఉన్న కట్టర్ కావాలి. గుంటలో 1.78 మిల్లీమీటర్ల మందం ఓ-రింగ్ కూర్చోబెడుతున్నట్టయితే, షాఫ్ట్ ఉపరితలానికీ గుంట గోడకూ మధ్య 1.5 మిల్లీమీటర్ల ఖాళీ, వెడల్పు 2.4 మిల్లీమీటర్లు ఉండాలి. అప్పుడు రింగ్ సుమారు 15 శాతం నొక్కుకుంటుంది. అంతకు తగ్గితే కారుతుంది. ఎక్కువైతే షాఫ్ట్ పట్టేసి థ్రాటిల్ వెనక్కి రాదు. రింగ్ బయటికి తోసుకు రాకుండా పైన పలుచటి ఇత్తడి వాషర్‌ను ప్రెస్ చేయండి.

రింగ్ ఫ్లోరోకార్బన్ రబ్బరుదే కావాలి, మార్కెట్‌లో వైటాన్ పేరుతో దొరుకుతుంది. మామూలు నల్ల నైట్రైల్ రింగ్ వేడికి త్వరగా గట్టిపడి పగులుతుంది. షాఫ్ట్ మీద ఎక్కడా గీత ఉండకూడదు. 1000 నంబరు ఎమరీ పేపర్‌తో చుట్టూ తిప్పి నునుపు చేసి, పెట్రోల్‌కు కరగని ఫ్లోరో గ్రీజు పలుచగా రాసి, షాఫ్ట్ చివరి పదునైన అంచులకు టేపు చుట్టి ఎక్కించండి. టేపు లేకుండా తోస్తే షాఫ్ట్‌లోని ప్లేట్ చీలిక అంచు రింగ్‌ను చెక్కేస్తుంది. బయటికి కనిపించదు. ప్రెజర్ టెస్ట్ దాకా తెలియదు.

బూస్ట్ 0.7 బార్ దాటబోతుంటే ఇంకో అంచె ఉంది. లోపలి బుష్‌కూ బయటి సీల్‌కూ మధ్య ఒక గాడి కోసి, దానికి 1.5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, హ్యాట్ నుంచి సన్నటి గొట్టంతో గాలి అందించండి. హ్యాట్ ఒత్తిడి మానిఫోల్డ్ కంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే కాబట్టి, సీల్ కారినా బయటికి వచ్చేది శుభ్రమైన గాలే, పెట్రోల్ కాదు. ఐడిల్‌లో ఆ గాడి నుంచి కాస్త గాలి ఇంజిన్‌లోకి వెళ్తుంది. ఐడిల్ మిక్స్చర్ స్క్రూలను కొంచెం విప్పితే సరిపోతుంది.

ప్లేట్లు బిగించేటప్పుడు స్క్రూలు వదులుగా పెట్టి, షాఫ్ట్‌ను మూసి ఉంచి, వెలుతురుకు ఎత్తి చూడండి. చుట్టూ ఒకే మందంలో సన్నటి వెలుగు గీత కనిపించాక బిగించి, థ్రెడ్‌లాకర్ వేసి, చివర్లు మళ్లీ నలగ్గొట్టండి. ఊడిన స్క్రూ పోయేది సిలిండర్‌లోకే. ఓ-రింగ్‌ల రాపిడి పెరిగింది కాబట్టి రిటర్న్ స్ప్రింగులు రెండు వేయండి. ఒకటి విరిగినా రెండోది థ్రాటిల్ మూయగలగాలి.

4. ఫ్లోట్, నీడిల్

బోలు ఇత్తడి ఫ్లోట్‌ను బూస్ట్ నలిపేస్తుంది. నలిగిన ఫ్లోట్ మునుగుతుంది, బౌల్ పొంగుతుంది. గట్టి నురుగు పదార్థమైన నైట్రోఫిల్ ఫ్లోట్లు వేయండి. నీడిల్-సీట్ (బౌల్‌లోకి పెట్రోల్ వచ్చే ద్వారం) 0.110 అంగుళాల రంధ్రంతో వస్తే 0.120 లేదా 0.130కి మార్చండి. బూస్ట్‌లో పెట్రోల్ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది, చిన్న సీటు ఆ వేగానికి బౌల్‌ను నింపలేదు.

5. డయాఫ్రంలు, పవర్ వాల్వ్

యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం పైన బౌల్‌లోని పెట్రోల్, కింద బయటి గాలి. బూస్ట్ వచ్చాక పైనుంచి 0.7 బార్ దాన్ని కిందికి తోస్తుంది. లివర్ మీది స్ప్రింగ్ బలహీనంగా ఉంటే పంపు దెబ్బ మందగించి, గేర్ మార్చి మళ్లీ తొక్కినప్పుడు ఇంజిన్ తడబడుతుంది. కొత్త ఫ్లోరోకార్బన్ డయాఫ్రం వేసి, స్ప్రింగ్‌ను గట్టిదానికి మార్చండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచి, లివర్ చివర 0.4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా సరిచేయండి. ఆ ఖాళీ లేకపోతే ప్రతిసారీ డయాఫ్రం అతిగా సాగి చిరుగుతుంది.

పవర్ వాల్వ్‌ను చాలామంది అర్థం చేసుకోకుండానే ప్లగ్ చేసేస్తారు. అది బౌల్ ఒత్తిడికీ మానిఫోల్డ్ ఒత్తిడికీ ఉన్న తేడాను చూసి తెరుచుకుంటుంది. 6.5 నంబరు వాల్వ్ అంటే తేడా 6.5 అంగుళాల మెర్క్యురీకి తగ్గాక తెరుచుకునేది. 1 పీఎస్ఐ సుమారు 2 అంగుళాలు. థ్రాటిల్ సగమే తెరిచి ఉందనుకోండి: హ్యాట్‌లో 5 పీఎస్ఐ, మానిఫోల్డ్‌లో సున్నా. తేడా 10 అంగుళాలు. ఇంజిన్ భారం మోస్తోంది, కానీ వాల్వ్ తెరుచుకోదు. మిశ్రమం పలుచబడి ఇంజిన్ నాక్ కొట్టేది సరిగ్గా అక్కడే. పూర్తిగా తొక్కినప్పుడు అంతా బాగుండి, సగం తొక్కినప్పుడు పిస్టన్ కరగడానికి కారణం ఎక్కువగా ఇదే.

కాబట్టి రోడ్డు మీద తిరిగే కారుకు 8.5 లేదా 10.5 నంబరు వాల్వ్ వేయండి, ప్లగ్ చేయకండి. ప్లగ్ చేసి జెట్లు 6 నుంచి 8 నంబర్లు పెంచడం కేవలం ట్రాక్ మీద నడిచే కారుకు సరే. రోడ్డు మీద అలా తిప్పితే నెమ్మదిగా వెళ్లినంతసేపూ పెట్రోల్ వృథా, స్పార్క్ ప్లగ్గులకు మసి.

మెకానికల్ సెకండరీలున్నదే తీసుకోమనడానికి కారణమూ ఇలాంటిదే. వాక్యూమ్ సెకండరీ డయాఫ్రం ఒకవైపు బయటి గాలికి తెరిచి ఉంటుంది. బూస్ట్‌లో అది సెకండరీలను మూసి పట్టుకుంటుంది.

6. చిన్న కన్నాలు

ఐడిల్ మిక్స్చర్ స్క్రూల కార్క్ సీళ్లు తీసి ఓ-రింగ్‌లు వేయండి. బౌల్ పక్కన మట్టం చూసే ప్లగ్గులకు, బౌల్ బోల్టుల కింద, రెండు బౌళ్లను కలిపే పెట్రోల్ గొట్టం చివర్లకు కొత్త సీళ్లు. వాడని వాక్యూమ్ నిపిళ్లకు రబ్బరు టోపీలు పెట్టకండి, మొదటి బూస్ట్‌కే ఎగిరిపోతాయి. మర కోసి ప్లగ్ బిగించండి. క్రాంక్‌కేస్ వెంటిలేషన్ గొట్టానికి, బ్రేక్ బూస్టర్ గొట్టానికి వన్-వే వాల్వ్‌లు తప్పనిసరి.

7. గాస్కెట్ ముఖాలు

మెయిన్ బాడీ, మీటరింగ్ బ్లాకులు, బౌళ్ల ముఖాల మీద ఉక్కు స్కేలు అంచు ఆనించి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. పాత కార్బురేటర్లలో ఎక్కువసార్లు బిగించిన చోట వంకర వచ్చి ఉంటుంది. 0.05 మిల్లీమీటర్లు దూరితే, మందపాటి అద్దం మీద 400 నంబరు కాగితం పరిచి, కిరోసిన్ తడితో ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది సమం చేయండి. బోల్టులు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాలి.

సిలికాన్ సీలెంట్ ఎక్కడా వాడకండి. పెట్రోల్ తగిలితే అది ఉబ్బి జిగురుగా ఊడి, తునకలు జెట్లలో ఇరుక్కుంటాయి. ముఖాలు సమంగా ఉంటే గాస్కెట్ ఒక్కటే చాలు.

8. హ్యాట్ బిగింపు

4150 ఎయిర్ క్లీనర్ అంచు వ్యాసం 130 మిల్లీమీటర్లు. దాని మీద 0.7 బార్ అంటే హ్యాట్‌ను పైకి తోసే బలం సుమారు 95 కిలోలు. ఇదంతా మధ్యలో ఉన్న పావు అంగుళం స్టడ్ మీద, అది దిగిన మెత్తటి లోహపు మరల మీద పడుతుంది. ఇంజిన్ తుమ్మితే (బ్యాక్‌ఫైర్ అయితే) క్షణంపాటు ఇంకా ఎక్కువ. అందుకే హ్యాట్ మీదుగా ఒక స్టీల్ పట్టీ వేసి, కార్బురేటర్‌ను మానిఫోల్డ్‌కు బిగించే స్టడ్లకు రెండు వైపులా కట్టండి. గొట్టాలకు స్క్రూ క్లిప్పులు కాకుండా టీ-బోల్ట్ క్లాంపులు వాడండి, పైపు చివర్లకు గట్టు చేయించండి.

9. బెంచ్ మీద ప్రెజర్ టెస్ట్

ఈ మెట్టు దాటవేసి కారు మీద పెట్టొద్దు. కార్బురేటర్‌లో చుక్క పెట్రోల్ కూడా ఉండకూడదు. బేస్‌కు 10 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు గాస్కెట్‌తో బిగించి, హ్యాట్ నోటికి గాలి నిపిల్ ఉన్న మూత వేసి, పెట్రోల్ ఇన్‌లెట్ ప్లగ్ చేయండి. కంప్రెసర్ రెగ్యులేటర్ సున్నా నుంచి మెల్లగా 0.7 బార్‌కు తెండి. కళ్లద్దాలు పెట్టుకోండి.

థ్రాటిల్ పూర్తిగా తెరిచి, సబ్బు నీళ్లు బ్రష్‌తో ప్రతి అతుకు మీదా రాయండి. షాఫ్ట్ చివర ఒక్కో బుడగ నింపాదిగా ఊరితే ఫరవాలేదు. తెల్లటి నురుగు పొంగుతూ వస్తే రింగ్ చెడినట్టే. తర్వాత ఒత్తిడి ఉండగానే థ్రాటిల్‌ను 20 సార్లు తెరిచి మూయండి. ఆగి ఉన్నప్పుడు పట్టిన సీల్ కదిలాక కారడం మామూలే. యాక్సిలరేటర్ పంపు మూత కింద కూడా తప్పకుండా చూడండి, అక్కడ బుడగ వచ్చిందంటే డయాఫ్రానికి చిల్లు. చివరగా గాలి వాల్వ్ మూసి గేజ్ చూడండి. నిమిషంలో 0.7 నుంచి 0.6 దాకా తగ్గితే సరే. అంతకంటే వేగంగా పడితే మళ్లీ సబ్బు నీళ్లు పట్టుకోవాల్సిందే. ఇదంతా అయ్యాక 1 బార్ దగ్గర ఒకసారి చూసి ఆపండి.

10. పెట్రోల్ సరఫరా

బౌల్‌లో 0.7 బార్ ఉంటే, మామూలు 0.45 బార్ పంపు దాన్ని నింపలేదు. బూస్ట్‌తో సమానంగా పెరిగే, రిటర్న్ గొట్టం ఉన్న రెగ్యులేటర్ కావాలి. ఐడిల్‌లో 0.45, పూర్తి బూస్ట్‌లో 1.15 బార్ ఉండాలి. రెగ్యులేటర్ సిగ్నల్ గొట్టాన్ని హ్యాట్ నుంచే తీయండి, మానిఫోల్డ్ నుంచి కాదు. థ్రాటిల్ మూసిన క్షణాన మానిఫోల్డ్‌లో వాక్యూమ్, హ్యాట్‌లో ఇంకా బూస్ట్. సిగ్నల్ మానిఫోల్డ్ నుంచి వస్తే పెట్రోల్ ఒత్తిడి బౌల్ ఒత్తిడి కంటే కిందికి పడిపోయి, మళ్లీ తొక్కేసరికి బౌల్ వెలితిగా ఉంటుంది.

పంపు ఎంత పెద్దది కావాలో తేల్చడానికి: 500 హార్స్‌పవర్ బూస్ట్ ఇంజిన్‌కు గంటకు సుమారు 200 లీటర్లు, అదీ 1.15 బార్ ఒత్తిడి మీద. పంపు డబ్బా మీద రాసే అంకె తరచూ ఒత్తిడి లేనప్పటిది. పంపు తయారీదారు ఇచ్చే ఒత్తిడి-ప్రవాహం గ్రాఫ్ చూసే కొనండి.

11. జెట్లు, మొదటి పరుగు

గాలి సాంద్రత పెరిగితే కార్బురేటర్ దానంతట అది సరిపడా పెట్రోల్ పెంచదు. గాలి బరువు సాంద్రతతో సమానంగా పెరుగుతుంది, పెట్రోల్ మాత్రం దాని వర్గమూలం మేరకే. సాంద్రత ఒకటిన్నర రెట్లైతే 12.8 దగ్గరున్న గాలి-పెట్రోల్ నిష్పత్తి 15.7కు పలుచబడుతుంది. బూస్ట్‌లో మీకు కావాల్సింది 11.5. అంటే పెట్రోల్ దారి వైశాల్యం మూడో వంతుకు పైగా పెరగాలి. మామూలు జెట్ల కంటే 8 నంబర్లు పెద్దవాటితో మొదలుపెట్టి, వైడ్‌బ్యాండ్ మీటర్ (గాలి-పెట్రోల్ నిష్పత్తి చూపేది) చూస్తూ తగ్గించుకుంటూ రండి. పలుచ వైపు నుంచి చిక్కదనం వైపు వెళ్లే ప్రయత్నం చేయకండి.

మొదటిసారి వేస్ట్‌గేట్‌ను (బూస్ట్‌కు హద్దు పెట్టే వాల్వ్) 0.3 బార్ దగ్గరే ఉంచండి. ఇగ్నిషన్‌ను ప్రతి పీఎస్ఐ బూస్ట్‌కు 1 డిగ్రీ చొప్పున వెనక్కి జరపడం మొదటి అంచనాకు సరిపోతుంది. పూర్తిగా తొక్కి చూసేముందు, మూడో గేర్‌లో సగం థ్రాటిల్ మీద ఎత్తు ఎక్కిస్తూ మీటర్ చూడండి. అక్కడ నిష్పత్తి 13 దాటిందంటే పవర్ వాల్వ్ ఇంకా మూసే ఉంది, నంబరు పెంచాలి. పూర్తి థ్రాటిల్‌లో మొదట బాగుండి 3 లేదా 4 సెకన్ల తర్వాత పలుచబడితే తప్పు జెట్‌లో లేదు, బౌల్ ఖాళీ అవుతోంది. నీడిల్-సీట్, పంపు, వైరింగ్ వోల్టేజ్ ఆ వరుసలో చూడండి.

వెబర్ లేదా డెల్లార్టో సైడ్‌డ్రాఫ్ట్‌లైతే ఇదే క్రమం. అదనంగా జెట్ మూత గాస్కెట్, కోల్డ్ స్టార్ట్ పరికరం రాడ్ రంధ్రం, కింది స్ప్రింగ్ మూత సీల్ చేయాలి. బౌల్ వెంట్లు ట్రంపెట్ (గాలి లోపలికి వచ్చే గొట్టం) ముఖం వైపే తెరుచుకుంటాయి కాబట్టి ప్లీనం పెట్టె (ఇక్కడ హ్యాట్ పని చేసే గాలి పెట్టె) వాటిని కూడా లోపలికి కలుపుకోవాలి.

ఇంజిన్ మూడు నాలుగుసార్లు వేడెక్కి చల్లారాక బౌల్ బోల్టులు, బేస్ నట్లు మళ్లీ బిగించండి. షాఫ్ట్ చివర్లను తెల్లగుడ్డతో తుడిచి ఒక బూస్ట్ పరుగు తర్వాత చూడండి. గోధుమ రంగు తడి మరక ఉంటే ఆ చివరి రింగ్ మార్చేదాకా టర్బోను మళ్లీ వాడకండి.